సైన్స్ ఫిక్షన్ సీక్వెల్‌కి ముందు డిలీటెడ్ సీన్లు, పూర్వకథ చూడాలా? తేల్చుకునే పద్ధతి

సీక్వెల్ వస్తోందనగానే పాఠకులు అడిగే ప్రశ్న ఒకటే. మొదటి భాగం మళ్లీ చూస్తే సరిపోతుందా, లేక ఎడిటింగ్‌లో ఎగిరిపోయిన సీన్లు, మధ్యలో వదిలిన షార్ట్ ఫిల్ములు, యానిమేషన్ ఎపిసోడ్లు కూడా చూడాలా?

చాలావాటికి చూడక్కర్లేదు. కొన్ని చూస్తే సినిమా బలం పెరుగుతుంది. కొన్ని చూస్తే అసలు సినిమానే దెబ్బతింటుంది. ఏది ఏ కోవలోకి వస్తుందో ఫ్యాన్స్ ఇష్టాన్ని బట్టి కాకుండా, సీక్వెల్ దేని మీద నిలబడిందో చూసి తేల్చాలి. ఆ పని వరుసగా ఎలా చేయాలో కింద ఉంది. ఉదాహరణల్లో ఏలియన్, టెర్మినేటర్, బ్లేడ్ రన్నర్, స్టార్ వార్స్ సిరీస్‌ల కథలు, కల్కి 2898 ఏడీ కథ బయటపడతాయి. వాటిని ఇంకా చూడనివాళ్లు ముందు చూసి రండి.

1. మీ దగ్గరున్నది ఏ వెర్షనో తేల్చుకోండి

సగం వాదనలు ఇక్కడే పుడతాయి. ఇద్దరూ ఒకే సినిమా చూశామనుకుంటారు, చూసింది మాత్రం వేర్వేరు వెర్షన్లు.

పేరు చూసి నమ్మకండి, నిడివి చూడండి. 1986లో వచ్చిన ఏలియన్స్ థియేటర్ వెర్షన్ 137 నిమిషాలు, స్పెషల్ ఎడిషన్ 154. 1991 నాటి టెర్మినేటర్ 2 కూడా థియేటర్లో 137 నిమిషాలే. తర్వాత వచ్చిన స్పెషల్ ఎడిషన్ అంతకంటే పావుగంట ఎక్కువ.

డైరెక్టర్స్ కట్ అంటే పొడవైనదే అనుకోవడం పొరపాటు. 1979 నాటి ఏలియన్‌కి 2003లో వచ్చిన డైరెక్టర్స్ కట్ థియేటర్ వెర్షన్ కంటే ఓ నిమిషం తక్కువే ఉంటుంది. రిడ్లీ స్కాట్ అందులో కొన్ని సీన్లు కలిపాడు, మరికొన్ని చోట్ల షాట్లు బిగించాడు. తనకు నచ్చింది మాత్రం థియేటర్ వెర్షనే అన్నాడు కూడా.

పాత డీవీడీలతో ఒక చిక్కుంది. పాల్ (PAL) అనే పాత టీవీ పద్ధతి డిస్కుల్లో సెకనుకు 24 ఫ్రేముల సినిమాని 25 ఫ్రేముల వేగంతో నడుపుతారు. అందువల్ల నిడివి 4 శాతం తగ్గుతుంది. 137 నిమిషాల సినిమా 131న్నరకే అయిపోతుంది, 154 నిమిషాలది దాదాపు 148కి. అయిదారు నిమిషాలు కోసేశారని కంగారు పడకండి. సినిమా మొత్తం అందులోనే ఉంటుంది.

కోత ఎవరు కోశారన్నదీ చూడాలి:

- దర్శకుడు, ఎడిటర్ కథ కోసం తీసేసింది
- నిడివి తగ్గించమని స్టూడియో పట్టుబట్టి తీయించింది
- సెన్సార్ తీయించింది
- టీవీ ఛానల్ తన టైమ్ స్లాట్ కోసం తీసింది

ఈ వ్యాసానికి పనికొచ్చేవి మొదటి రెండే. సెన్సార్, టీవీ కోతల్లో పోయిన సీను ఆ కథలో ఎప్పుడూ భాగమే, దాన్ని డిలీటెడ్ సీన్ అనకూడదు.

తెలుగు డబ్బింగ్‌లో చూసేవాళ్లు ఇంకో పని చేయాలి. పెదాల కదలికకు మాట సరిపెట్టే క్రమంలో పేర్లు, తేదీలు, వయసులు, కంపెనీల పేర్లు జారిపోతుంటాయి. పూర్వకథ దాక్కునేది సరిగ్గా వాటిలోనే. అనుమానం వచ్చిన సంభాషణను మూల భాష ఆడియోలో, సబ్‌టైటిల్స్ పెట్టుకుని ఒకసారి వినండి. "సినిమాలో చెప్పలేదు" అనుకున్నది అక్కడ దొరికే అవకాశం చాలా ఎక్కువ.

2. మొదటిసారి ఏమీ కలపకుండా చూడండి

మొదటి భాగం థియేటర్ వెర్షన్, ఆ వెంటనే సీక్వెల్ థియేటర్ వెర్షన్. మధ్యలో షార్ట్ ఫిల్ములు, ఎక్స్‌ట్రాలు, వివరణ వీడియోలు వద్దు.

చూస్తున్నప్పుడు ఒక కాగితం మీద అర్థం కానివి మాత్రమే రాసుకోండి, టైమ్ పక్కనే వేసి. "ఈమెకి ఇంత పంతం ఎందుకు?" "ఈ కంపెనీ చేతికి ఆ చిప్ ఎలా వచ్చింది?" ఇలా. నచ్చినవి, నచ్చనివి రాయొద్దు.

సినిమా పూర్తయ్యాక జవాబు దొరికిన ప్రశ్నలు కొట్టేయండి. మిగిలినవే మీ పని. ఏమీ మిగలకపోతే డిలీటెడ్ సీన్లను సరదా కోసం చూడండి. అవసరం మాత్రం లేదు.

3. డిలీటెడ్ సీన్‌ని దాని చోటులో పెట్టి చూడండి

ఎక్కువమంది చేసే తప్పు ఇదే: ఎక్స్‌ట్రాల మెనూలోకెళ్లి అన్నీ వరసగా చూసేసి, "బాగుంది, ఎందుకు తీసేశారో!" అనేయడం. ఆ సీన్లలో చాలావాటికి రంగులు సరిచేసి ఉండవు, నేపథ్య సంగీతం ఉండదు, గ్రాఫిక్స్ పూర్తయి ఉండవు. ముందూ వెనకా లేకుండా చూస్తే మంచి సీను పేలవంగా కనిపిస్తుంది, అక్కర్లేని సీను గొప్పగా కనిపిస్తుంది.

ఇలా చేయండి:

- సీను ఏ రెండు సీన్ల మధ్య రావాలో కనుక్కోండి. బట్టలు, గాయాలు, పగలా రాత్రా అన్నవి చూస్తే తెలుస్తుంది.
- సినిమాని ఆ చోటుకి అయిదు నిమిషాల ముందు నుంచి మొదలుపెట్టండి.
- చోటు రాగానే ఆపి, డిలీటెడ్ సీను నడపండి.
- వెంటనే సినిమాకి తిరిగొచ్చి ఇంకో అయిదు నిమిషాలు చూడండి.

తర్వాతి అయిదు నిమిషాల్లో ఏదైనా మారిందా? పాత్ర మీద మీ అంచనా, తర్వాత ఏమవుతుందోనన్న ఉత్కంఠ, నడక వేగం? చూడాల్సింది ఆ మార్పునే. సీను తనంతట తాను ఎంత బాగున్నా లెక్కలోకి రాదు.

4. నాలుగు ప్రశ్నలు, నాలుగు తీర్పులు

ప్రతి సీనునీ ఈ వరసలోనే అడగండి. వరస మారితే తీర్పు తారుమారవుతుంది.

ఒకటి, సీక్వెల్‌లో చూసినదానికి ఇది ఎదురు చెబుతోందా? అవునంటే అక్కడే ఆపేయండి. తీర్పు: చెల్లదు.

రెండు, మీ కాగితం మీద మిగిలిన ప్రశ్నల్లో దేనికైనా ఇది జవాబిస్తోందా? ఇస్తుంటే, అదే జవాబు సినిమాలో ఇంకో మాటగానో, ఇంకో వస్తువుగానో ఉందా? మళ్లీ వెతకండి. నిజంగా లేకపోతేనే తీర్పు: తప్పనిసరి.

మూడు, జవాబు ఇప్పటికే ఉన్నా, ఈ సీను తర్వాతి సీన్లలో ఒకదాని బరువు పెంచుతోందా? ఫలానా సీను అని వేలు పెట్టి చూపించగలగాలి. చూపించగలిగితే తీర్పు: బలం.

నాలుగు, ఇవేవీ కాకపోతే తీర్పు: అదనం. ఉత్కంఠను చెడగొట్టేవి కూడా ఈ కోవలోనే పడతాయి.

"తప్పనిసరి" అని తేలేవి చాలా అరుదు, అలా ఉండడమే న్యాయం. టికెట్ కొని వచ్చినవాడికి అర్థం కావడానికి ఇంకో డిస్కు కావాల్సి వస్తే ఆ సీక్వెల్ తన పని తాను చేయలేదని అర్థం.

5. చేసి చూద్దాం: ఏలియన్స్‌లో మూడు సీన్లు

పద్ధతి నేర్చుకోవడానికి ఇంతకంటే మంచి సినిమా లేదు. ఒకే స్పెషల్ ఎడిషన్‌లో కలిపిన సీన్లు వేర్వేరు తీర్పులు తెచ్చుకుంటాయి.

*రిప్లీ కూతురు.* 57 ఏళ్లు అంతరిక్షంలో నిద్రలో గడిపి బయటపడ్డ కథానాయిక రిప్లీకి, కంపెనీ మనిషి బర్క్ ఒక ఫొటో చేతిలో పెడతాడు. అందులో ఒక ముసలావిడ, రిప్లీ కూతురు అమాండా. 66 ఏళ్ల వయసులో, రెండేళ్ల కిందట చనిపోయింది. పదకొండో పుట్టినరోజుకి ఇంటికొచ్చేస్తానని కూతురికి మాటిచ్చి వెళ్లానని రిప్లీ చెబుతుంది. ఆ ఫొటోలో ఉన్నది రిప్లీగా నటించిన సిగోర్నీ వీవర్ సొంత తల్లి. తల్లీకూతుళ్ల పోలిక ముఖంలోనే కనిపించడానికి కారణం అదే.

ప్రశ్నలు వేద్దాం. సినిమాకి ఎదురు చెబుతోందా? లేదు. జవాబు లేని ప్రశ్నకు జవాబా? కాదు. న్యూట్ అనే చిన్నపిల్ల కోసం రిప్లీ ప్రాణాలకు తెగించడం థియేటర్ వెర్షన్‌లోనూ అర్థమవుతుంది, వదిలి వెళ్లనని ఆ పిల్లకి మాటివ్వడం అందులోనూ ఉంది. మరి ఏ సీను బరువు పెరిగింది? సరిగ్గా ఆ మాటిచ్చే సీనే. ఒక కూతురికిచ్చిన మాట తప్పినావిడ ఇంకో పిల్లకి మాటిస్తోందని తెలిశాక, పేలిపోబోతున్న భవనంలోకి ఆమె ఒంటరిగా దిగడం వేరుగా కనిపిస్తుంది. చివర్లో న్యూట్ ఆమెను అమ్మా అని పిలవడమూ అంతే. తీర్పు: బలం. నా మాటగా చెప్పాలంటే, ఈ సీను థియేటర్ వెర్షన్‌లోనే ఉండాల్సింది.

*న్యూట్ కుటుంబం.* స్పెషల్ ఎడిషన్‌లో కాలనీ జనంతో కళకళలాడుతుండగా చూస్తాం. న్యూట్ తల్లిదండ్రులు పాత గ్రహాంతర నౌకను కనుగొనడం, తండ్రి ముఖానికి ఒక గ్రహాంతర జీవి అతుక్కుపోవడం చూస్తాం. కాలనీకి తెగులు ఎలా అంటుకుందన్న ప్రశ్నకు ఇది జవాబు కదా అంటారు. కానీ థియేటర్ వెర్షన్‌లో ఆ జవాబుంది: వాళ్లను అక్కడికి పంపిన ఆదేశం మీద బర్క్ సంతకం ఉందని రిప్లీ అతని మొహం మీదే చెబుతుంది. పైగా ఈ సీను చూస్తే, సైనికులు దిగేసరికి ఖాళీగా, వానలో చీకట్లో ఉండే కాలనీ మనకు ముందే తెలిసిన చోటు అయిపోతుంది. ఆ మొదటి అరగంట భయం పోతుంది. తీర్పు: అదనం, మొదటిసారి చూసేవాళ్లకు నష్టం కూడా.

*సెంట్రీ గన్స్.* నడవాల్లో వాటంతట అవే కాల్చే తుపాకులు పెడతారు, తెరమీద రౌండ్ల లెక్క వేగంగా పడిపోతుంటుంది. జీవులు ఆగిపోయి వేరే దారి వెతుక్కుంటాయి. అవి తర్వాత పైకప్పు మీదుగా రావడానికి ఇది నేల సిద్ధం చేస్తుంది. తీర్పు: బలం, అయితే అమాండా సీను కంటే ఒక మెట్టు కింద.

"చెల్లదు"కి ఉదాహరణ మొదటి భాగంలోనే ఉంది. 1979 థియేటర్ వెర్షన్ నుంచి తీసేసిన ఒక సీనులో నౌక సిబ్బంది డల్లస్, బ్రెట్ గోడకు అతుక్కుపోయి ఉంటారు. బ్రెట్ ఒళ్లు మెల్లగా గుడ్డుగా మారుతుంటుంది. అంటే బలైన మనిషే తర్వాతి గుడ్డు. 1986లో సీక్వెల్ దర్శకుడు జేమ్స్ కామెరాన్ గుడ్లు పెట్టే రాణిని తెచ్చాడు. రెండూ ఒకచోట పొసగవు. 2003 కట్‌లో ఆ సీను మళ్లీ కనిపించినా, సీక్వెల్ నిలబడ్డది రాణి మీదే.

6. సీక్వెల్‌కి విత్తనమైన సీన్లు

కొన్ని సీన్లు తీసేశాక కూడా దర్శకుడి మనసులో ఉండిపోయి రెండో భాగంలో మొలుస్తాయి. 1984 టెర్మినేటర్ చివర్లో పోరాటం జరిగిన ఫ్యాక్టరీ సైబర్‌డైన్ కంపెనీదేనని, ధ్వంసమైన యంత్రం చిప్ వాళ్లకు దొరికిందని చూపే సీను తీసేశారు. రెండో భాగం కథంతా ఆ చిప్ చుట్టూనే తిరుగుతుంది.

అయితే ఆ సీను తప్పనిసరా? కాదు. టెర్మినేటర్ 2 ఆ సంగతిని కొత్తగా, తన మాటల్లో, తన వస్తువులతో చెప్పేస్తుంది. సైబర్‌డైన్ ఇంజనీర్ మైల్స్ డైసన్ పని చేసే చోట ఆ యాంత్రిక చెయ్యి, చిప్ రెండూ మన కళ్ల ముందుంటాయి.

అదే సినిమా స్పెషల్ ఎడిషన్‌లో పరీక్షకు పెట్టాల్సిన సీన్లు రెండున్నాయి. మొదటిది, టెర్మినేటర్ తల తెరిచి చిప్ తీసే సీను. దాన్ని పగలగొట్టాలని కథానాయిక సారా సుత్తి ఎత్తుతుంది, ఆమె కొడుకు జాన్ అడ్డుపడతాడు. యంత్రం మనుషుల దగ్గర ఎలా నేర్చుకోగలుగుతోందో ఇది చూపిస్తుంది. థియేటర్ వెర్షన్ దాన్ని ఒక్క డైలాగ్‌తో దాటేసింది. రెండోది, ద్రవ నైట్రోజన్‌లో గడ్డకట్టి విరిగి మళ్లీ అతుక్కున్న విలన్ యంత్రం టీ-1000 పనితీరు చెడిపోవడం. దాని చెయ్యి రెయిలింగ్ చారల్ని పట్టేసుకుంటుంది, పాదాలు నేలకు అంటుకుపోతాయి. అసలు సారా ఎవరో, నకిలీ ఎవరో జాన్ ఆ పాదాలు చూసే పోల్చుకుంటాడు. రెండూ బలమే.

తీసేసిన ముగింపులతో మాత్రం జాగ్రత్త. టెర్మినేటర్ 2కి ఇంకో ముగింపు తీశారు: 2029లో పార్కులో ముసలి సారా, సెనేటర్ అయిన జాన్, ఎప్పటికీ జరగని యుద్ధం. చూడటానికి హాయిగా ఉంటుంది. అదే ఖాయమైతే 2003 నాటి మూడో భాగానికి చోటే లేదు. తీసేసిన ముగింపుకి ఎప్పుడూ మొదటి ప్రశ్ననే వేయండి, దాదాపు ప్రతిసారీ అక్కడే ఆగిపోతుంది.

7. సినిమా బయట చెప్పే పూర్వకథ

షార్ట్ ఫిల్ములు, యానిమేషన్, గేములు, నవలలు. వీటికి ఒక ప్రశ్న అదనంగా వేయాలి: సీక్వెల్ ఆ సంగతిని సొంతంగా మళ్లీ చెప్పుకుందా?

2017 నాటి బ్లేడ్ రన్నర్ 2049 ఈ విషయంలో మర్యాదగా నడుచుకుంది. విడుదలకు ముందు మూడు షార్ట్ ఫిల్ములు వదిలారు: 2022 బ్లాకౌట్ మీద ఒకటి, 2036 మీద ఒకటి, 2048 మీద ఒకటి. బ్లాకౌట్ చూడకపోయినా ఇబ్బంది లేదు. రికార్డుల గది సీనులో ఆ పది రోజుల చీకటి, పోయిన సమాచారం గురించి సినిమాలోనే మాట్లాడుకుంటారు. 2048 షార్ట్ చూసి సినిమాకి రెండోసారి వచ్చినవాళ్లకు, మొదటి సీనులో పొలంలో ఎదురయ్యే సాపర్ మార్టన్ ఎలాంటివాడో ముందే తెలిసి, ఆ గొడవ ఇంకాస్త నొప్పిస్తుంది. అన్నీ బలం, ఏదీ తప్పనిసరి కాదు.

2019లో వచ్చిన స్టార్ వార్స్ తొమ్మిదో భాగం తీరు దీనికి పూర్తిగా భిన్నం. చచ్చిపోయాడనుకున్న చక్రవర్తి గొంతు గెలాక్సీ అంతా విన్నదని ఆరంభంలో వచ్చే అక్షరాల్లోనే చెప్పేశారు. ఆ సందేశం నిజంగా వినిపించింది మాత్రం సినిమా విడుదలకు కొద్దిరోజుల ముందు ఫోర్ట్‌నైట్ గేములో. కథలో అంత పెద్ద మలుపు తెర మీద కాకుండా వేరేచోట జరగడం ప్రేక్షకుడికి అన్యాయమే.

నవలకీ సినిమాకీ తేడా వచ్చినప్పుడు ఏది ఆధారం? 2001: ఎ స్పేస్ ఒడిస్సీ నవలలో నౌక శని గ్రహానికి వెళుతుంది, సినిమాలో గురుగ్రహానికి. దాని సీక్వెల్‌గా 1982లో '2010: ఒడిస్సీ టూ' నవల రాసినప్పుడు ఆర్థర్ సి. క్లార్క్ తన సొంత నవలను పక్కనపెట్టి గురుగ్రహాన్నే తీసుకున్నాడు.

మన దగ్గర ఈ పద్ధతికి దగ్గరి ఉదాహరణ కల్కి 2898 ఏడీ. 2024 జూన్ 27న సినిమా రాకముందే, మే నెలాఖరులో ప్రైమ్ వీడియోలో బుజ్జి అండ్ భైరవ యానిమేషన్ రెండు ఎపిసోడ్లు వచ్చాయి. బుజ్జి, భైరవ ఎలా కలిశారన్నది వాటి సంగతి. మొదటి భాగం అర్థం కావడానికి అవి అక్కర్లేదు. రెండో భాగం ముందు మీరు గుర్తుపెట్టుకోవాల్సినవి సుమతి కడుపులోని బిడ్డ, అశ్వత్థామ ఒప్పుకున్న బాధ్యత, భైరవ కర్ణుడని తేలడం. ఆ మూడూ సినిమాలోనే ఉన్నాయి.

8. ఆధారాలు కొట్టుకుంటే ఈ వరస

- సీక్వెల్‌లో తెర మీద కనిపించింది
- మొదటి భాగం థియేటర్ వెర్షన్
- దర్శకుడు తర్వాత చేసిన కట్
- అదే బృందం తీసిన షార్ట్ ఫిల్ములు, యానిమేషన్
- డిలీటెడ్ సీన్లు
- నవలలు, గేములు, ఇంటర్వ్యూల్లో మాటలు

బ్లేడ్ రన్నర్‌కి ఇది సరిగ్గా సరిపోదు. 1982 వెర్షన్ ముగింపు ఒకలా ఉంటుంది, 1992 డైరెక్టర్స్ కట్, 2007 ఫైనల్ కట్‌ల ముగింపు ఇంకోలా. కథానాయకుడు డెకార్డ్ మనిషా కాదా అన్న ప్రశ్నను 2049 తేల్చకుండా వదిలేసింది కాబట్టి ఏ కట్ చూసినవాళ్లయినా దానిలోకి వెళ్లొచ్చు. మొదటిసారి చూసేవాళ్లు ఫైనల్ కట్‌తో మొదలుపెట్టండి.

9. తరచూ జరిగే తప్పులు, సవరణలు

*"కథలో ఇది లేదు, డిలీటెడ్ సీన్‌లో ఉంది" అని వాదించడం.* ముందు సినిమాలో వెతకండి: డైలాగులు, గోడ మీద బోర్డులు, కంప్యూటర్ తెరల మీది అక్షరాలు. సైన్స్ ఫిక్షన్‌లో పూర్వకథ సగం తెరల మీదే ఉంటుంది.

*మొదటిసారే పొడవైన వెర్షన్ పెట్టుకోవడం.* ముందు థియేటర్ వెర్షన్, కనీసం కొన్ని వారాలయ్యాక పొడవైనది.

*సీను తీసేశారంటే చెడ్డ సీనని అనుకోవడం.* అమాండా సీను చూడండి.

*దర్శకుడు ఇంటర్వ్యూలో చెప్పింది కథలో భాగమనుకోవడం.* తర్వాతి దర్శకుడు దానికి కట్టుబడి ఉండడు.

10. సీక్వెల్ రాసుకునేవాళ్లకు

మొదటి భాగంలో తీసేసిన సీను మీద కథ కడుతుంటే, ప్రేక్షకుడు దాన్ని చూడలేదన్న లెక్కతోనే రాయండి. ఒక వస్తువు, ఒక మాట, ఒక ముఖం, వీటిలో ఏదో ఒకదానితో మొదటి అరగంటలో మళ్లీ చెప్పండి. డ్రాఫ్ట్ పూర్తయ్యాక మొదటి భాగం మాత్రమే చూసిన ఒకరికి ఇచ్చి, ఎక్కడ ఆగిపోయారో అడగండి. ఆగిన చోట షార్ట్ ఫిల్ముతో అతుకు వేయాలనిపిస్తే వద్దు, సీనే రాయండి.

11. చూసే వరస

- ఏలియన్: 1979 థియేటర్, ఏలియన్స్ 137 నిమిషాలది. రెండోసారి 154 నిమిషాలది. గుడ్డు సీను చివర్లో, విడిగా. అమాండా కథ ఇంకా కావాలంటే 2014 నాటి ఏలియన్: ఐసొలేషన్ గేములో ఆమే ప్రధాన పాత్ర.
- టెర్మినేటర్: 1984, 1991 థియేటర్ వెర్షన్లు. తర్వాత రెండో భాగం స్పెషల్ ఎడిషన్. పార్కు ముగింపు మూడో భాగం చూశాకే.
- బ్లేడ్ రన్నర్: ఫైనల్ కట్, 2049, ఆ తర్వాత మూడు షార్ట్ ఫిల్ములు. వాటిని ముందు చూస్తే సాపర్ మార్టన్ తలుపు తీసేసరికే అతని గురించి మీకు ఎక్కువ తెలిసిపోతుంది.